రెండు మేకుల మధ్య

గోమా విమానాశ్రయంలో మధ్యాహ్నం రెండుంబావుకు దిగాం. ఎండ ఉంది, వేడి లేదు. రన్‌వే దాటి అడుగు పెట్టగానే బూటు కింద నేల కరకరలాడింది. అది మట్టి కాదు, నల్లరాయి. ఎప్పుడో కొండలోంచి కారి, పట్నం మీదుగా పారి గడ్డకట్టిన లావా. ఆ రాయి మీదే ఇళ్ళు కట్టుకున్నారు. ఆ రాతితోనే ప్రహరీలు పేర్చుకున్నారు.

కాంగో దేశానికి తూర్పు కొసన ఉంటుంది ఆ పట్నం. దక్షిణాన సముద్రంలాంటి సరస్సు. ఉత్తరాన న్యీరగోంగో అనే అగ్నిపర్వతం. మబ్బు లేని రోజు దాని కొన మీద పొగ కనిపిస్తుంది. శాంతి సేనలో ఏడాది డ్యూటీకి వెళ్ళాం మేము. నేను హవల్దార్‌ని, ఇంజినీర్ల కంపెనీ. రోడ్లు బాగుచేయడం, కల్వర్టులు వేయడం, క్యాంపు గోడలు కట్టడం మా పని. నాకిచ్చిన సామాను: నీలం టోపీ, నీలం హెల్మెట్, తూటాలు ఆపే జాకెట్, రైఫిల్, ఐదు మీటర్ల స్టీలు టేపు. ఆ ఏడాది రైఫిల్ ఒక్కసారి కూడా పేల్చలేదు. మన ఊళ్ళో అందరూ ముందు అడిగేది దాని గురించే కాబట్టి ముందే చెబుతున్నాను.

మా రేడియో ఆపరేటర్‌ది ఆదిలాబాద్, ఉట్నూర్ దగ్గరి పల్లె. నాది గోదావరిఖని పక్కన. కంపెనీ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అతను నాకంటే ఆరేళ్ళు చిన్న.

ఏడో నెలలో ఒక సాయంత్రం కొండ పక్కభాగం పగిలింది. ఆకాశం ఎర్రబడింది. లావా పట్నం అంచుదాకా వచ్చి ఆగిపోయింది. తెల్లారేసరికి గండం గడిచిందనుకున్నారు అందరూ. పొద్దున పది దాటాక నేల కదలడం మొదలైంది.

ఒక పెద్ద భూకంపం కాదు. చిన్నవి, వరసగా. పది నిమిషాలకొకటి, ఒక్కోసారి రెండు నిమిషాలకే ఇంకొకటి. కొన్ని పక్కనుంచి లోడు లారీ పోయినట్టుండేవి. కొన్ని కిందినుంచి ఎవరో గడ్డపారతో పొడిచినట్టుండేవి. మెస్సులో గ్లాసులు బల్ల అంచుదాకా నడిచివచ్చేవి. మొదటి రోజు లెక్కపెట్టాను. సాయంత్రానికి మానేశాను. కొండ కింది లావా పట్నం అడుగు నుంచి సరస్సు వైపు దారి వెతుక్కుంటోందని శాస్త్రవేత్తలు చెప్పారు.

ఇసుక బస్తాల బంకర్‌లో రేడియో ముందు కూర్చుని మావాడు అడిగాడు.

“అన్నా, గిప్పుడు వచ్చిందా, నాకే ఊగినట్టు అయ్యిందా?”

“వచ్చింది.”

“పొద్దుగాల్నించి గిదే పరేషాన్. కూసున్నా ఊగినట్టే ఉంది, నిలబడ్డా ఊగినట్టే ఉంది. నీకు ఫికర్ లేదా?”

“నువ్వు బొగ్గుబాయి పక్కన పుట్టలే. నాకు గిది అలవాటే.”

ఆ మాట నిజంగానే అన్నాను. మా ఊరి పొలిమేరలో ఓపెన్‌కాస్ట్ గని ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు సైరన్, తర్వాత బ్లాస్టింగ్. గిన్నెలు గలగలమంటాయి, పెంకుల సందుల్లోంచి దుమ్ము రాలుతుంది. మా ఇంటి గోడలకు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బీటలున్నాయి. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అన్నం మెతుకులతో బీట మీద కాగితం ముక్క అతికించేవాడు. కాగితం చిరగనంత కాలం గోడ కదలనట్టే. ఆ గోడల మధ్యే పెరిగాను. ఆ గోడలు ఎవరి మీదా పడలేదు. నేల కదలడం గురించి నాకు తెలిసిందంతా అదే. అది చాలనుకున్నాను.

మూడో రోజు పొద్దున ఐదున్నరకు సుబేదార్ సాబ్ పిలిచారు. క్యాంపుకు పడమర వైపు బస్తీలో నేల చీలింది. చీలిక రోడ్డును దాటి, ఇళ్ళ వాకిళ్ళ గుండా పోయింది.

“ఏడు చోట్ల బీటకు రెండు వైపులా మేకులు కొట్టు” అన్నారు. “పొద్దున ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, మళ్ళీ సాయంత్రం ఆరుకు. మేకుల మధ్య దూరం కొలువు, రేడియోలో చెప్పు. జనానికి సలహాలివ్వకు. ఉండాలా పోవాలా అని చెప్పడానికి వేరే వాళ్ళున్నారు.”

“సరే సాబ్.”

నాతో మోయిజ్ అనే దుబాసీ వచ్చేవాడు. నలభై దాటిన స్థానికుడు. ఏళ్ళ తరబడి మన దళాలతో తిరిగి హిందీ నేర్చుకున్నాడు.

నాలుగో చోటు ఒక ఇంటి వాకిలి. సిమెంటు ఇటుకల గోడలు, రేకుల కప్పు. ఫురాహా అనే ఆమె, ముప్ఫై ఏళ్ళుంటాయి, ఇద్దరు ఆడపిల్లలతో, తండ్రితో ఉండేది. తండ్రి బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. మోకాళ్ళు పట్టేసి కర్రతో నడిచేవాడు. నేల కదిలినప్పటినుంచీ నలుగురూ వాకిట్లో టార్పాలిన్ కింద పడుకుంటున్నారు.

నేను మేకులు కొడుతుంటే పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. నేను చెప్పిన ప్రతి కొలతా తలుపు మీద సుద్దముక్కతో రాశాడు. పదిహేడు మిల్లీమీటర్లు. సాయంత్రం పద్దెనిమిది. మరునాడు పొద్దున పంతొమ్మిది. ఫురాహా చక్కెర ఎక్కువేసిన టీ ఇచ్చేది. చిన్నపిల్ల టేపు చివర పట్టుకుంటానని గొడవచేసేది. పట్టుకోనిచ్చేవాణ్ణి.

కొలతలు మొదలుపెట్టిన రెండో రోజు పెద్దాయన మోయిజ్‌తో ఏదో అన్నాడు. మోయిజ్ నవ్వుతూ చెప్పాడు. “మాస్టారు అడుగుతున్నాడు. నువ్వు నేలను కొలుస్తున్నావు సరే, గోడను ఎవరు కొలుస్తున్నారని.”

నేనూ నవ్వాను. ముసలాయన తెలివైనవాడు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ మరునాడు తెల్లవారుజామున వాన పట్టుకుంది. సన్నగా, చల్లగా, ఆగకుండా కురిసింది. పన్నెండు గంటలకు నేను వెళ్ళేసరికి టార్పాలిన్ నడుమ నీళ్ళు నిండి వేలాడుతోంది. పరుపులు తడిశాయి. పెద్దాయన దుప్పటి కప్పుకుని దగ్గుతున్నాడు, పెదవులు నల్లబడ్డాయి. కొలిచాను. పంతొమ్మిది. వరసగా ఐదోసారి పంతొమ్మిదే. ఆ పొద్దున ప్రకంపనలు కూడా తగ్గాయి.

ఫురాహా అడిగింది. మోయిజ్ చెప్పాడు. “నాన్నను లోపల పడుకోబెట్టనా అంటోంది.”

కొలత చెప్పి వచ్చేయాల్సింది. ఉత్తర్వు అదే. కాని నా ఎదురుగా ఒక మనిషి చలికి వణుకుతున్నాడు. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

“బీట నిన్న పొద్దుటినుంచీ కదలలేదని చెప్పు” అన్నాను. “మా ఊళ్ళో రోజూ నేల అదురుతుందని చెప్పు. పగిలిన గోడల మధ్యే నేను పెరిగాను. నేనైతే లోపలికి పోతాను.”

మోయిజ్ నావైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత చెప్పాడు. ఆమె ముఖం తేలికపడింది. నాకు దండం పెట్టినట్టు తల వంచింది.

ఒంటిగంట యాభైకి నేను ఆరో చోట ఉన్నాను. నేల పక్కకు ఒక్క గుంజు గుంజింది. నేను రోడ్డు మీద మోకాళ్ళ మీద పడ్డాను. లేచేసరికి పడమర నుంచి తెల్లటి దుమ్ము లేస్తోంది. వానలో దుమ్ము లేవడం అప్పుడే చూశాను.

రేడియో పలికింది. “అన్నా, యాడున్నవ్? బాగున్నవా?”

“బాగున్న.”

“నీ నాలుగో నంబర్ కాడ గోడ కూలిందట. లోపట ఒక మనిషి ఉన్నడట. మనోళ్ళను పంపుతున్నరు. నువ్వు దగ్గర ఉన్నవ్, ఉరుకు.”

ఉరికాను. తూర్పు గోడ మొత్తం లోపలికి పడింది. రేకులు దాని మీద వాలాయి. పిల్లలు పక్కింటి వాకిట్లో ఉన్నారు. ఫురాహా వంటపాకలో ఉండి బతికింది. నేను చేరేసరికి ఒట్టి చేతులతో ఇటుకలు లాగుతోంది. నేనూ మోయిజ్ కలిశాం. పావుగంటకు మావాళ్ళు గడ్డపారలతో వచ్చారు. మధ్యలో నేల మూడుసార్లు అదిరింది. అదిరినప్పుడల్లా సుబేదార్ సాబ్ ఈల ఊదేవారు. అందరం బయటికి పరుగెత్తి, మళ్ళీ లోపలికి వెళ్ళేవాళ్ళం. ఫురాహా మాత్రం బయటికి రాలేదు.

నాలుగూ పదికి ఆయన దొరికాడు. మంచం మీదే ఉన్నాడు, గోడవైపు తిరిగి. మా నర్సింగ్ అసిస్టెంట్ మెడ మీద వేళ్ళుపెట్టి చూశాడు. నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఫురాహా ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని వెంట్రుకల్లోంచి సిమెంటు దులిపింది. మెల్లగా మాట్లాడుతూనే ఉంది. ఏమంటోందని మోయిజ్‌ని అడిగాను.  రెండోసారి అడిగాక చెప్పాడు.

“లోపలికి రానన్నాడట. టేపు సైనికుడు చెప్పాడు నాన్నా అని తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందట.”

ఆ మాటలో నిందేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది, అంతే.

ఆరు గంటలకు డ్యూటీ ప్రకారం మేకుల దగ్గర కూర్చుని కొలిచాను. పంతొమ్మిది. బీట నిజంగానే కదలలేదు. ఐదు రోజులు అదిరి అదిరి వదులైన గోడ, వానకు నాని పడిపోయింది. మాస్టారు అడిగింది దాన్ని గురించే. మా ఇంటివి మట్టిగోడలు, మూరెడు మందం. ఇది పలచని ఇటుక గోడ, లోపల ఇనుము లేదు. అది నేను చూసిన గోడే. రోజూ దానికి ఆనుకునే టీ తాగాను.

సుబేదార్ సాబ్‌కు జరిగింది చెప్పాను.  “రిపోర్టులో రాస్తాను” అన్నారు. “రాయాలి కాబట్టి. నువ్వు అన్నం తిను.” తినలేకపోయాను. రేడియో ఆపరేటర్ పళ్ళెం పట్టుకొచ్చి నా పక్కన పెట్టాడు.

“అన్నా, నువ్వు చెప్పకున్నా వానకు లోపటికి పోయేటోళ్ళే గద.”

“ముసలాయన పోకపోతుండె.”

 అతను పళ్ళెం తీసుకుపోలేదు. నా పక్కనే కూర్చున్నాడు.

మరునాడు పొద్దున మాస్టారికి గుంట తవ్వడానికి వెళ్ళాం. లావా రాయి గడ్డపారకు లొంగదు. నలుగురం ఏడు నుంచి పదిదాకా తవ్వితే మోకాలి లోతు వచ్చింది. మిగతాది రాళ్ళు పేర్చి కప్పాం. అందరూ కదిలాక మోయిజ్‌ని పక్కకు పిలిచాను.

“తప్పు నాది, చెప్పకూడని మాట చెప్పానని ఆమెకు చెప్పు.”

“చెప్పను” అన్నాడు.

“ఎందుకు?”

“తండ్రిని లోపలికి తీసుకెళ్ళానన్న బాధ ఆమెకుంది. ఇప్పుడు నువ్వు తప్పు నాదంటే, నిన్ను ఓదార్చే పని కూడా ఆమె మీద పడుతుంది. ఆ మనిషి అలాంటిది. వదిలెయ్.”

వదిలేశాను. అతను అన్నది సరైందో కాదో ఈరోజుకీ తేల్చుకోలేదు.

అదే మధ్యాహ్నం ఆ బస్తీలన్నీ ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. జనం పడమటి రోడ్డు పట్టారు. మేము కూడలిలో నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడ్డాం. ఫురాహాను చివరిసారి చూసింది అక్కడే. కొన్ని రోజులకు నేల నెమ్మదించింది. చాలామంది తిరిగొచ్చారు. ఆ ఇంటికి ఎవరూ రాలేదు. మోయిజ్ వాకబు చేశాడు. సరస్సు అవతల ఎవరో బంధువులున్నారని మాత్రం తెలిసింది. ఐదు నెలలు గడిచాయి. మా డ్యూటీ ముగిసింది. ఢిల్లీ నుంచి రైల్లో రామగుండంలో దిగాను. తర్వాతి ఏడాది పింఛను తీసుకున్నాను.

మా ఊళ్ళో బ్లాస్టింగ్ ఇప్పటికీ ఉంది. సైరన్ వినగానే అన్నం ముందునుంచి లేచి బయటికి వస్తాను. అవ్వకు, అంటే మా అమ్మకు, మొదట్లో అర్థం కాలేదు.

“ఎందుకు బిడ్డా లేస్తవ్? గిది రోజూ అయ్యేదే గద. నువ్వు పుట్టకముందుకెల్లి అయితున్నది.”

“నువ్వు గూడ రా అవ్వా. అయిపోయినంక పోదాం.”

ఇప్పుడు వస్తుంది. కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ నా పక్కన నిలబడుతుంది. ఎందుకని అడగదు. చుట్టుపక్కల వాళ్ళు ఫౌజీకి తెలుస్తుందని నన్ను పిలిచి వాళ్ళ గోడలు చూపిస్తారు. లోపట పండుకోవచ్చా అని అడుగుతారు. నాకు తెలియదని చెబుతాను. చదువుకున్న ఇంజినీర్‌ను పిలవమంటాను. గర్వమనుకునే వాళ్ళు అనుకుంటారు.

ఆ రోజు కూడలిలో చూసింది మాత్రం నన్ను వదలదు. వేలమంది నడుస్తున్నారు. నెత్తిన పరుపులు, బిందెలు, కోళ్ళు. ఫురాహా ఇద్దరు పిల్లలతో వచ్చింది. పిల్లలకు నీళ్ళు పట్టిచ్చాను. వాళ్ళు తాగాక ఖాళీ సీసాకు మూత బిగించి నా చేతికిచ్చింది. “అసాంటే” అంది. అంటే ధన్యవాదం. తిరిగి నడవసాగింది. అప్పుడు చూశాను, ఆమె కాళ్ళకు తండ్రి బూట్లున్నాయి. నల్లవి, బడికి వేసుకుని పోయేవి, తుడిచి ఉన్నాయి. ఆమెకు చాలా పెద్దవి. ఊడిపోకుండా తాళ్ళను చీలమండల చుట్టూ కట్టుకుంది. అయినా ప్రతి అడుగుకూ మడమ బూటులోంచి పైకి లేచేది, మళ్ళీ లోపలికి దిగేది. జనంలో కలిసిపోయేదాకా ఆ మడమలనే చూస్తూ నిలబడ్డాను.