కళ్లం ఒక్కటే కనపడిన ఫోటో

అది 2022వ సంవత్సరం. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి, రోడ్ల నిండా ధాన్యం లారీలు తిరుగుతున్న రోజులు. పెళ్లిళ్ల హడావుడి కాస్త తగ్గి, రాజమండ్రిలో నా స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నాను. నా పేరు నాగమణి. ఆడమనిషి కెమెరా పట్టుకుని పెళ్లి పందిట్లో తిరగడం మా వైపు జనానికి ఇప్పుడు అలవాటే గానీ, మొదట్లో "కెమెరా ఆయన ఇంకా రాలేదా అమ్మా?" అని నన్నే అడిగేవారు. ఆ మాటకి ఒళ్లు మండేది. ఎవరైనా అంటే ఇప్పుడూ మండుతుంది.

స్టూడియో అద్దాల వెనక ఒక పెద్ద ఫోటో పెట్టాను. గోదావరి మీద రైలు వంతెన, దానిమీద గూడ్సు బండి, కింద ఇసుక పడవలు. చూసినవాళ్లు అట్టముక్కలతో కట్టిన బొమ్మ అనుకుంటారు. కానీ అది నిజం వంతెనే. టిల్ట్-షిఫ్ట్ అనే లెన్సుతో తీశాను. టిల్ట్ అంటే లెన్సు మూతిని వంచడం, షిఫ్ట్ అంటే పక్కకి జరపడం. వంచితే ఫోటోలో అడ్డంగా ఒక పట్టీ మేరకే తేటగా ఉండి, దాని పైనా కిందా మసకబారిపోతుంది. ఏ ఉంగరాన్నో బాగా దగ్గర్నుంచి తీసినా ఇలాగే కొంచెం భాగమే తేటగా వస్తుంది. మన కన్ను దానికి అలవాటు పడబట్టి, మసక కనపడగానే ‘ఓహో, ఇది చిన్న వస్తువు’ అనుకుని మోసపోతుంది. ఎత్తునుంచి తీయాలి, ఎండ బాగా కాయాలి. ఇప్పుడు ఫోన్లు కూడా ఇలాంటి వేషాలు వేస్తున్నాయి గానీ, నాకు నా లెన్సు మీదే గురి.

ఆ వంతెన ఫోటో చూసే సత్తిబాబు గారు లోపలికొచ్చారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా. మండపేటలో తమకి రైసుమిల్లు ఉందని చెప్పారు.

"ఇది బొమ్మ కాదాండి?"

"కాదండి. మన వంతెనే."

నమ్మలేదు. బయటికి వెళ్లి అద్దానికి ముక్కు ఆనించి మళ్లీ చూసి వచ్చారు.

"మా మిల్లు ఇలా తీసిపెట్టగలరా?"

"దేనికండి?"

"ఊరికే. గోడకి."

ఆ ‘ఊరికే’ దగ్గరే నాకు అనుమానం మొదలైంది. పైనుంచి స్థలం ఫోటో కావాలని వచ్చారంటే అమ్మకానికో, తగువుకో అయి ఉంటుంది. నా సర్వీసులో ఊరికే తీయించుకున్నవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు. డ్రోన్‌తో తీస్తే మిల్లంతా చక్కగా వస్తుందని చెప్పి చూశాను.

"వద్దమ్మా వద్దు! డ్రోన్ ఎగిరితే మా తమ్ముడు చూస్తాడు," అని నోరు జారినట్టు ఆగారు. "అంటే, చూసినా పర్వాలేదనుకోండి. మిల్లుకి ఎదురుగా కళ్యాణమండపం ఉంది. దాని డాబా మీంచి తీయండి. నేను చెప్పి ఉంచుతాను. పొద్దున్నే రండి, మా వాడు అప్పుడు బ్యాంకుకెళ్తాడు."

డాబా చూపించింది ఆయనే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మర్నాడు సామాను మోసుకుని డాబా ఎక్కాను. కళ్యాణమండపం యజమాని గంగరాజు గారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, పక్కనే నిలబడి కబుర్లు మొదలెట్టారు.

"అన్నదమ్ములు ఆర్నెల్లుగా మాట్లాడుకోవట్లేదమ్మా. ఒకే గదిలో కూర్చుని గుమస్తా చేత మాటలు పంపుకుంటారు. ఈ ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటున్నారు. కళ్లం మధ్యలో గోడ పెట్టేద్దామంటున్నారు. ఇప్పుడు ముందువైపు చూసుకునేది పెద్దాయన, వెనక బాయిలరు వైపు చిన్నాయన. రోడ్డు పక్కది మాత్రం నాదంటే నాదని ఇద్దరికీ తగువు."

కళ్లం అంటే మిల్లు మధ్యలో ధాన్యం ఆరబోసే సిమెంటు నేల. ఆ వేళకి దాని నిండా వడ్లు పరిచి ఉన్నాయి. కూలి జట్టు ఆడవాళ్లు వడ్లు ఆరేలా కాళ్లతో చాళ్లు తీస్తున్నారు. ఒక లారీ వెనక్కి తిరుగుతోంది.

"మధ్యలో గోడ పెడితే లారీ ఎక్కడ తిరుగుతుందండి?" అన్నాను.

"తిరగదు. లారీ తిరక్కపోతే మిల్లు లేదు. మిల్లే లేనప్పుడు ఆ స్థలం ఎవరో ఒకరికి అమ్ముకోవాల్సిందేగా? నాకు పడితే కార్లు పెట్టించుకుంటాను. పెళ్లిళ్లకొచ్చిన కార్లన్నీ రోడ్డు మీదే కదమ్మా పాపం!" అని పకపకా నవ్వారు.

దాచుకోకుండా చెప్పారు కాబట్టి ఆయన మీద అనుమానం రాలేదు. రెండోసారి టీ పంపినప్పుడు మాత్రం కొంచెం వచ్చింది.

కెమెరా బిగించి చూశాను. ముందువైపు రోడ్డు పక్కన లారీలు తూచే కాటా, ఆఫీసు. వెనకవైపు బాయిలరు, గోడౌన్లు. మధ్యలో కళ్లం. మనుషులూ లారీ ఉన్నచోటే ఇలాంటి ఫోటోకి ప్రాణం వస్తుంది. అందుకని లెన్సు వంచి, తేటగా ఉండే పట్టీ కళ్లం మీద పడేలా సరిచేశాను. వడ్లు పసుపు రంగు తివాచీలా, లారీ అగ్గిపెట్టెలా మారిపోయాయి. నా పని నాకే ముద్దొచ్చింది.

అంతలో మెట్ల మీద ధడధడమని చప్పుడు. రొప్పుతూ ఒకాయన పైకొచ్చాడు. అన్నగారి పోలికలే, ఓ పదేళ్లు చిన్న. తమ్ముడు బుల్లబ్బాయి గారని వేరే చెప్పక్కర్లేకపోయింది. బ్యాంకుకి వెళ్లలేదన్నమాట.

"ఎవరండీ మీరు? సర్వేయరా?"

"ఫోటోగ్రాఫర్నండి."

"ఎవరు పంపారు? మా అన్నయ్యేనా?"

"తీయించుకునేవాళ్ల పేర్లు చెప్పే అలవాటు లేదండి నాకు."

"అయితే మా అన్నయ్యే!" అని నడుమ్మీద చేతులు పెట్టుకున్నాడు. "మిల్లు బేరం పెట్టాడా? నిజం చెప్పండి."

మాటలతో పని లేదని కెమెరా తెర చూపించాను. వంగి చూశాడు. కోపమంతా ఎటు పోయిందో మరి.

"ఓర్నాయనో! ఇది మా లారీయేనా? మావాళ్లు చూడండి, చీమల్లా ఎలా తిరుగుతున్నారో!" అని రెండు చేతులతో తెరకి గొడుగు పట్టి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి మళ్లీ మొహం ముడుచుకుంది. "నాక్కూడా ఒకటి కావాలండి. మా అన్నయ్య దానికంటే పెద్దది. ఆయనకి మాత్రం తెలీకూడదు."

ఇలా ఇద్దరికీ ఒకరికి తెలియకుండా ఒకరికి ఒకే ఫోటో ఫ్రేము కట్టించి పంపాను. తమ్ముడిది కాస్త పెద్దది, అంతే తేడా. పని అయిపోయిందనుకున్నాను.

శనివారం పొద్దున్నే సత్తిబాబు గారు దిగారు. ఫ్రేము బల్లమీద పెట్టి, నా మొహంలోకి కాకుండా పక్కకి చూస్తూ అడిగారు.

"ఏంటండీ ఇది? రోడ్డు పక్కంతా మసకేశారు. కాటా లేదు, ఆఫీసు లేదు. నేను అడుగుతున్నది ఆ భాగమేనని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఈ ఫోటో ఇలాగే ఉంటుంది. మీరు వంతెన ఫోటోలో చూశారుగా?"

"వంతెనకి వాటాలు లేవు కదమ్మా! రేపు మా వాడు ఇది పట్టుకొచ్చి, ‘చూడండి, ముందువైపు ఏముంది, అంతా పొగమంచే’ అంటే నేనేం చెప్పాలి? ఎంతిచ్చాడు మీకు?"

మసకని సరిహద్దు గీతనుకున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటే, అంటే లెన్సు ఎంత లోతు వరకు తేటగా చూపిస్తుందో ఆ లెక్క, అని మొదలుపెట్టాను. తలుపు తీసుకుని బుల్లబ్బాయి గారు వచ్చాడు, చంకలో పెద్ద ఫ్రేముతో.

"నా బాయిలర్ ఏదండీ? గోడౌన్లేవీ? మా అన్నయ్య ఎంత..." అంటూ అన్నగారిని చూసి ఆగిపోయాడు.

ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"ఎప్పుడు తీయించాడో కనుక్కోండి," అన్నారు అన్నగారు.

"ఆయనెప్పుడు తీయించాడో నేనూ అప్పుడేనని చెప్పండి," అన్నాడు తమ్ముడు.

నాకు తిక్క రేగింది. "నేనేమైనా మీ గుమస్తానా? ఎదురెదురుగా ఉన్నారు, నోళ్లున్నాయి. మీరే అడుక్కోండి!" అని అరిచాను.

అరుపు పనిచేసింది. రెండు ఫ్రేములూ పక్కపక్కన పెట్టారు. తలలు దగ్గర చేసి చూశారు. వేళ్లతో కొలిచారు కూడా.

"నాదీ పోయిందిరా," అన్నారు సత్తిబాబు గారు. "నీదీ పోయింది."

"కళ్లం ఒక్కటే మిగిలింది," అన్నాడు బుల్లబ్బాయి గారు.

హమ్మయ్య, అర్థమైందనుకున్నాను. ఇద్దరూ ఒక్కసారే తలెత్తి నన్ను చూశారు. ఆ చూపులో నమ్మకం ఏ కోశానా లేదు.

"డాబా ఎవరిదమ్మా మీరెక్కింది?" అన్నాడు తమ్ముడు.

"గంగరాజు గారిది. మీరూ ఎక్కారుగా?"

"టీ ఇచ్చాడా?"

"ఇచ్చారు. అయితే ఏంటి?"

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు," అన్నాను, ఎందుకు అడుగుతున్నాడో తెలియక.

"వాడు ఊరికే మంచినీళ్లు కూడా ఇవ్వడన్నయ్యా!" అన్నాడు బుల్లబ్బాయి గారు. అన్నయ్యా అని నేరుగా పిలవడం ఆర్నెల్లలో అదే మొదటిసారి అయి ఉంటుంది. "కళ్లం మీదే వాడి కన్ను. మనం కొట్టుకుని గోడ పెట్టుకుంటే సగం సగం కొనేద్దామని కాసుక్కూర్చున్నాడు. ఈవిడ వాడి మనిషి. చూశావా, కళ్లం ఒక్కటే తళతళలాడేలా తీసింది!" అని నా వైపు తిరిగాడు. "బ్రోకర్ పనికి కెమెరా ఎందుకమ్మా మీకు?"

నన్ను బ్రోకరంటాడా! నా నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఆ డాబా ఎక్కమని చెప్పింది మీ అన్నయ్యే, గంగరాజుతో ముందే మాట్లాడి ఉంచింది మీ అన్నయ్యే, అంతకుముందు నాకు ఆ మనిషి మొహం కూడా తెలియదు అని ఒక్క ముక్కలో తేల్చేద్దామని సత్తిబాబు గారి వైపు తిరిగాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకీ ఆ సంగతే గుర్తొచ్చిందని చూడగానే తెలిసింది. నన్ను చూస్తున్నారు, రెప్ప వేయడం లేదు. నేను ఆ మాట అంటే తమ్ముడి అనుమానం నన్ను వదిలి ఆయన మెడకి చుట్టుకుంటుంది. రేపు ఆదివారం. పెద్దమనుషుల ముందు గోడ ఖాయం, మిల్లు ఆఖరు.

నా జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు బహు తక్కువ. ఆ రోజు మూసుకున్నాను.

నా మౌనం చూసి బుల్లబ్బాయి గారికి నేరం రుజువైపోయింది. "పద అన్నయ్యా," అని రెండు ఫ్రేములూ తనే చంకన పెట్టుకున్నాడు.

"ఎలా వచ్చావ్?" అన్నారు సత్తిబాబు గారు.

"బైకు మీద."

"ఇంత ఎండలో ఏం వెళ్తావు గానీ, కార్లో రా."

బైకు నా స్టూడియో ముందే ఉండిపోయింది. వాళ్ల గుమస్తా ఎప్పుడో వచ్చి, నన్ను పలకరించకుండానే తీసుకుపోయాడు.

ఆదివారం పెద్దమనుషులు వచ్చి, కాఫీలు తాగి, గోడ మాట లేకుండానే వెళ్లిపోయారని తెలిసింది. నా పేరు మాత్రం ఊరంతా తిరిగింది. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టబోయిన ఫోటోల మనిషి అని. మండపేటలో నేను ఒప్పుకున్న పెళ్లి వాళ్లు ఫోన్ చేసి, మా బంధువులబ్బాయే తీస్తాడులెండి అన్నారు. బంధువులబ్బాయి ఉన్నాడో లేదో దేవుడికెరుక.

వానలు పడి సార్వా పంట నాట్లు వేసేటప్పుడు సత్తిబాబు గారు ఫోన్ చేశారు.

"నాగమణి గారూ, ఆ రోజు మీరు నోరు మెదపలేదు. ఆ మేలు మర్చిపోనండి."

నేను అడక్కుండా ఉండగలనా? "గంగరాజు గారికీ మీకూ మధ్య ఏమైనా ఉందాండీ?" అన్నాను.



"ఉండేదమ్మా," అన్నారు. "రోడ్డు పక్క భాగం నా వాటాకి వస్తే, నా వైపు కళ్లంతో సహా ఆయనకిచ్చేస్తానన్నాను. డబ్బు పెట్టేవాళ్లకి ఆయన చూపించుకోడానికే ఆ ఫోటో. మా వాడు కార్లో పక్కన కూర్చుని దారి పొడుగునా గంగరాజుని తిడుతూనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్లగానే ఆ బేరం వదిలేశాను." ఆ వెంటనే, "ఇంకో సాయం చేయాలమ్మా. మండపేట వైపు రాకండి. మిమ్మల్ని చూస్తే మా వాడు మళ్లీ ఆ ఫోటో బయటికి తీస్తాడు. తీస్తే, డాబా మీకెవరు చూపించారని అడుగుతాడు," అన్నారు.

సరేనని పెట్టేశాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాను.

నా పనిలో అనుమానం ఉండాల్సిందే, లేకపోతే బతకలేం. సత్తిబాబు గారి ‘ఊరికే’ మీద నాకొచ్చిన అనుమానం అక్షరాలా నిజమైంది. కానీ నిజమని తేలిన అనుమానాన్ని కూడా ఒక్కోసారి మింగాల్సి వస్తుందని ఆ మిల్లే నేర్పింది. నేను నోరు తెరిచి ఉంటే నా మాట నెగ్గేది. ఆ అన్న మారడానికి దొరికిన ఒక్క కారు ప్రయాణం దొరికేది కాదు. మండపేట నుంచి ఇప్పటికీ నాకు ఒక్క పెళ్లి ఆర్డరూ రాదు. దారిలో ధాన్యం లారీ ఎదురైతే మాత్రం, వాళ్ల మిల్లుదేనేమోనని ఆగి పేరు చదువుతాను.