పదిహేడో నంబరు

మహమ్మారి రోజుల్లో ఆ వీధిలో ముక్కు పరీక్షలు చేసే నర్సమ్మ బాగా పొట్టి. మడమలెత్తి నిలబడి, "గడ్డం పైకి" అని, ముక్కులో పుల్ల తిప్పుతూ పదిదాకా పైకే లెక్కపెడుతుంది. పరీక్షకొస్తే ఆసుపత్రికి పట్టుకుపోతారని పుకారు పుట్టి, నిన్న జనం రాళ్లు రువ్వారు. ఆమె నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. "ఇంక ఆ వీధి మొహం చూడకే" అని ఆమె అక్క మొత్తుకుంది. ఇవాళ ఆమె అక్కడే బల్ల వేయించి, నిన్నటి జాబితా తెరిచింది.

"పదహారు దగ్గర ఆగాం. పదిహేడు ఎవరండీ?"

పదిహేడు మేస్త్రీ. నిన్న మొదటి రాయి అతనిదే. భార్య వీపు మీద చెయ్యేసి నెడితే, వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"తలొంచుకుంటే పుల్ల వెళ్లదు అన్నయ్యా. గడ్డం పైకి."

ఆమె పది లెక్కపెట్టి చూసేసరికి పద్దెనిమిదిని పిలవాల్సిన పనే లేకపోయింది. జనం వీధి మలుపుదాకా వరస కట్టి ఉన్నారు.