గోడ మీద లిట్మస్

బీఎడ్ చదివే రోజుల్లో నాకు సుద్దముక్క అంటే చిన్నచూపు. సంగారెడ్డిలో మేం చదివే కాలేజీకి ఒక ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఉండేది. ప్లాస్టిక్ షీటు మీద రాసి దానిపైన పెడితే, లోపలి లైటుకు ఆ రాసిందంతా గోడ మీద పెద్దగా పడేది. ఫైనల్ లెసన్ కోసం దాన్ని బతిమాలి తీసుకున్న. ఇస్నాపూర్ దాటినంక ఒక సర్కారు బడిల ఎనిమిదో తరగతికి ఆమ్లాలు, క్షారాలు చెప్పాలె. ఆటోల ఒళ్లో పెట్టుకొని పోతుంటే పక్కన కూసున్న పెద్దమనిషి కుట్టుమిషనా అని అడిగిండు. కాదు, పాఠం చెప్పే మిషన్ అన్న.

"మరి నువ్వెందుకు?" అన్నడు.

జోకులు నాకొక్కనికే వస్తయనుకునేటోణ్ణి అప్పటిదాకా.

ఫైనల్ లెసన్ అంటే ఎగ్జామినర్ వెనక బెంచీల కూసొని మార్కులేసే పాఠం. అందుకని రెండు రోజుల ముందే అదే పాఠం అదే పిల్లలకు చెప్పి, ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాల్నో ఖాయం చేసుకుంటం. ఆ రోజు పిల్లలు అప్పుడే కొత్తగా నేర్చుకున్నట్టు ముఖం పెట్టాలె. మా బ్యాచ్‌ల అందరం చేసిందే. నటనల మాకంటే పిల్లలే నయం.

ఆ బడి సైన్స్ సారు మెత్తటి మనిషి. అల్మారల లిట్మస్ కాగితాలున్నయి, నిమ్మకాయలు నేను తెప్పిస్త, పిల్లలతోని ముంచిపియ్యి అన్నడు. అన్నీ మిషన్ల వస్తయి సార్ అన్న. ఆయన అల్మారకు తాళమేసిండు.

షీట్లు నేనే గీసిన. ఒక గ్లాసు, అందులో సగం మునిగిన కాగితం, ముంచక ముందు ఒక రంగు, ముంచినంక ఒక రంగు. ఆ ముక్క నాకు ఎంత బాగ తెలుసంటే, పుస్తకం తెరిచి చూడాల్సిన పని లేదనుకున్న. ఆమ్లం అని రాసిన షీటు మీద ఎర్ర కాగితాన్ని నీలం చేసిన. క్షారం మీద నీలాన్ని ఎర్రగ చేసిన. పూర్తిగ ఉల్టా. రంగులు మాత్రం గీత దాటలే.

కిటికీలకు చద్దర్లు కట్టినం. సున్నమేసిన గోడ మీద ఆ బొమ్మ పడంగనే పిల్లలందరు నోళ్లు తెరిచిన్రు, ప్రాక్టీసుల చూసిందే అయినా. ఆమ్లం ఏం చేస్తది అంటే, ఎర్రదాన్ని నీలం చేస్తదని క్లాసంతా ఒక్క గొంతుతోని చెప్పింది. ఎగ్జామినర్‌ది సోషల్ సబ్జెక్టు. తల ఊపుకుంట మిషన్‌నే చూస్తున్నడు. సైన్స్ సారు ఆ రోజు వేరే డ్యూటీ మీద పోయిండు.

నడుమల ఒక పిల్ల చెయ్యెత్తింది. నా లిస్టుల లేని చెయ్యి. వాళ్ల నాయిన మందుల కంపెనీల హెల్పర్. వాళ్ల గల్లీల అందరి లెక్కనే వాళ్లింట్ల గూడ తాగే నీళ్లు పట్టేది కంపెనీ నుంచి తెచ్చిన నీలం డ్రమ్ముల. దాంట్ల యాసిడ్ ఉంటే ఈ కాగితంతోని తెలుస్తదా అని అడిగింది. ఆ పొద్దంతట్ల క్లాసుల అడిగిన అసలు ప్రశ్న అదొక్కటే. చివర్ల చెప్పుకుందాం, కూసో అన్న. చివర్ల ఎగ్జామినర్ నాకు చెయ్యి కలిపిండు. సాంకేతికతను చక్కగా వాడుకున్నడని రికార్డుల రాసిండు.

వారం తర్వాత, ఆ బడిల పాఠాలు చెప్పినట్టు ఇచ్చే సర్టిఫికెట్ మీద హెడ్మాస్టర్ సంతకం కోసం పోతే, వరండాల ఆ పిల్లే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతున్నది. సైన్స్ సారును అడిగి ఎర్ర కాగితం ఒకటి తీస్కపోయిందంట. డ్రమ్ముల ముంచితే నీలమైందంట. యాసిడే అని వాళ్లమ్మకు చెప్పిందంట. రెండు రోజులకొకసారి వచ్చే నల్లా. ఆ తల్లి నిండు డ్రమ్మును వాకిట్ల బోర్లించి, అప్పటిసంది దూరపు బోరింగు నుంచి బిందెతోని మోస్తున్నది. యాసిడ్ డ్రమ్ము తెచ్చి పిల్లలకు తాపినవని మొగనితోని మాటలు బంద్ చేసింది. మూడుసార్లు బట్టల సోడాతోని కడిగిన అని ఆయన మొత్తుకున్నా ఇనలేదంట.

సోడా అనంగనే నాకు రంగులు యాదికొచ్చినయి. డ్రమ్ముల మిగిలిన సోడా క్షారం. ఎర్రదాన్ని నీలం చేసేది అదే.

"అది తప్పమ్మా. నేనే రంగులు ఉల్టా వేసిన."

పిల్ల నన్ను అనుమానంగ చూసింది. "గోడ మీద లైటుతోని వచ్చింది గద సార్?"

సుద్దముక్కతోని రాస్తే ఎవరో ఒకరు తప్పుందని లేసెటోళ్లేమో. వెలుతురుల వచ్చినదానికి ఎదురు చెప్పాలని ఎవరికీ తట్టలే, ఇప్పుడు నేను చెప్తున్నా సుత.

"మరి మా నాయిన తప్పు లేనట్టేనా?"

"యాసిడ్ విషయంల లేదు. ఇంకా ఏమేమున్నయో ఆ కాగితం చెప్పది, తాగే నీళ్లకు కంపెనీ డ్రమ్ము అసలే వద్దు."

"గట్లయితే మా అమ్మకు మీరే వచ్చి చెప్పాలె. నేను చెప్తే నమ్మది."

సంతకం తర్వాత చూసుకుందామని ముందు సైన్స్ సారును ఒక పీరియడ్ అడిగిన. ఆయన ఇచ్చింది పీరియడ్ ఒక్కటే కాదు, లిట్మస్ కట్ట, నిమ్మకాయ కూడ. పిల్లలతోని ముంచిపిచ్చిన. నీలం కాగితం వాళ్ల వేళ్ల మధ్యల ఎర్రగైంది. నేను చెప్పింది తప్పు అని బోర్డు మీద రాసిన. వెనక బెంచి నుంచి ఒకడు లేసి, మరి మార్కులు వాపస్ ఇస్తరా సార్ అని అడిగిండు. నేను నవ్విన. క్లాసుల ఇంకెవ్వరూ నవ్వలే.

ఆ మార్కులు వాపస్ ఇయ్యలే.

సాయంత్రం ఆ పిల్ల వెంట వాళ్లింటికి పోయిన. వాళ్లమ్మకు మొత్తం చెప్పిన. మొగడు గడప పక్కన కూసొని తల దించుకొని ఇంటున్నడు. ఆమె నన్ను తిడుతదని సిద్ధంగ ఉన్న. తిట్టలే. లోపలికి పోయి బిందెల నుంచి ఒక చెంబు ముంచుకొచ్చి, ఎండన పడి వచ్చిన్రు, తాగున్రి సారూ అన్నది. ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో అడగబుద్ధి కాలే. ఒక్క చుక్క కింద పడకుండ తాగిన.