నలభై మూడు వ్యాసాలకు జవాబు

జుబేదా చూపుడు వేలితో మైదా జిగురు తీసి, వ్యాసం మొదటి పేజీలో పేరున్న చోట పలచగా పూసి, కత్తిరించి పెట్టుకున్న తెల్లకాగితం ముక్క అంటించింది. ముక్క మీద పెన్సిలుతో ముప్పై ఒకటి అని అంకె వేసింది. నోటుపుస్తకంలో ఆ అంకెకు ఎదురుగా రాసినవారి పేరు, కాలేజీ రాసుకుంది. ఇంకా పన్నెండు వ్యాసాలు మిగిలాయి.

ఎవరు రాశారో తెలియకుండా చదివి, వేయాలో వద్దో తేల్చాలన్నది ‘పౌరనీతి’ పత్రిక నియమం. రెండు జిల్లాల రాజనీతిశాస్త్ర అధ్యాపకుల సంఘం ఏడాదికి రెండు సంచికలు వేసేది. ఏలూరులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన శేషగిరిరావు ఇరవై రెండేళ్ళుగా దాని సంపాదకులు. మొదటి సంచిక నుంచి అది అచ్చవుతున్నది పవర్‌పేటలో జుబేదా వాళ్ళ ప్రెస్సులో.

జుబేదా పదో తరగతితో చదువు మానేసింది. పందొమ్మిదో ఏట నాన్న పక్కన నిలబడి ఆ మొదటి సంచికకు సీసపు అక్షరాలు పేర్చింది. కంప్యూటరు వచ్చాక ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత సంచిక ఒకటి ముందు పెట్టుకుని, అచ్చు అలాగే వచ్చేదాకా కొట్టింది. నాన్న పోయాక ప్రెస్సు తమ్ముడు పర్వేజ్ చూసుకుంటున్నాడు. పెళ్ళి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఈ మధ్య ఫ్లెక్సీలు. ‘పౌరనీతి’ పని మాత్రం జుబేదాది. పట్టికలో అంకెలు కూడుకుంటూ, కింద సూచించిన పుస్తకం పేజీ నంబరు ఉందో లేదో చూసుకుంటూ కూర్చోవడం ఆమెకు ఇష్టం. శుభలేఖలో అలాంటి పని ఉండదు.

వరుసగా మూడు సంచికలు రాలేదు. 2003 సెప్టెంబరులో సంఘం అధ్యక్షుడు నిత్యానందం ఉత్తరం రాశారు. ఆయన తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీకి ప్రిన్సిపాలు. డిసెంబరు ఇరవై ఒకటిన గూడెంలో వార్షిక సమావేశం. ఆలోగా కొత్త సంపాదకవర్గం ఏర్పడి, సంచిక చేతికి రాకపోతే పత్రికను మూసేద్దామని ఆ ఉత్తరం. అదే జరిగితే జుబేదా ‘పౌరనీతి’ పని చేసుకునే ప్రెస్సు వెనక గదిలో ఫ్లెక్సీ మిషను దిగుతుంది. పర్వేజ్ కొలతలు కూడా తీసుకున్నాడు.

శేషగిరిరావు మాస్టారి కళ్ళు దెబ్బతిన్నాయి కాబట్టే పత్రిక ఆగిందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. గ్లకోమా ఉన్న మాట నిజమే. అసలు కారణం మాత్రం బీరువా కింది అరలో ఉంది. శేషగిరిరావు ఎవరికీ కాదని చెప్పలేరు. వ్యాసం తెచ్చినవారికల్లా కాఫీ ఇప్పించి, “చూద్దామండీ” అనేవారు. తెచ్చినవాళ్ళు వేస్తారనుకుని వెళ్ళేవారు. అలా నలభై మూడు పోగయ్యాయి. ఏ నలుగురివి వేసినా తక్కిన ముప్పై తొమ్మిది మంది అడుగుతారు కాబట్టి ఎవరివీ వేయకుండా అయింది. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు. బస్టాండుకు కూడా సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

సంపాదకవర్గంలోకి కొత్తవారిని పిలుస్తూ కాలేజీలన్నిటికీ ప్రకటన పంపారు. అక్టోబరు రెండో ఆదివారం ప్రెస్సు మేడ మీద పందొమ్మిది మంది కూడారు. మూడు గంటలు మాట్లాడారు. పత్రిక ఆశయం మీద, ప్రజాస్వామ్యం మీద, అట్ట రంగు మీద. అందరూ వెళ్ళాక జుబేదా టీ గ్లాసులు ఏరుతుంటే మాస్టారు కుర్చీలోనే ఉండిపోయారు.

“అందరూ బాగా మాట్లాడారమ్మా.”

“మాట్లాడారండీ. అట్ట లోపలి పేజీలో పేరు ఎన్నో వరసలో వేస్తారని పదకొండు మంది అడిగారు. పని ఎన్నింటికి మొదలవుతుందని ఒక్కరూ అడగలేదండీ.”

“మరి ఎలా ఎంచుదామంటావు?”

“తలా ఒక వ్యాసం ఇద్దామండీ. చదివి, రాసినాయనకి ఒక ఉత్తరం రాసి తెమ్మందాం. వేస్తాం అనో, వేయం అనో, ఇలా మారిస్తే వేస్తాం అనో ఉండాలి. మూడింట్లో ఒకటి తేలాలండీ.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ బీరువా సంగతి బయటపడుతుంది కదమ్మా.”

“పడుతుందండీ.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని సరేనన్నారు. ఆ మర్నాడే జుబేదా జిగురు కలిపింది.

పందొమ్మిది మందికి వ్యాసాలు వెళ్ళాయి. గడువులోగా ఎనిమిది ఉత్తరాలు వచ్చాయి. జుబేదా ఒక్కొక్కటీ మాస్టారికి చదివి వినిపించింది. గణపవరం కాలేజీలో పనిచేసే వెంకట్రాజు ఉత్తరం రెండు పేజీలు. తమ అమూల్య రచన అందుకుని ధన్యులమయ్యామని మొదలై, తమ వంటి పెద్దల ఆశీస్సులు పత్రికకు ఎల్లప్పుడూ ఉండాలని ముగిసింది.

“ఇది శుభలేఖా ఆపా?” అన్నాడు మిషను దగ్గరున్న పర్వేజ్. “ముహూర్తం ఎప్పుడంట?”

“ఇంతకీ వేస్తామన్నాడా, వేయమన్నాడా?” అని మాస్టారు అడిగారు.

జుబేదా మళ్ళీ చదివింది. ఎక్కడా లేదు. “అచ్చం మీలాగే రాశారండీ,” అంది. మాస్టారు నవ్వు ఆపుకున్నారు.

ఇంకొకాయన, వ్యాసం రాసినవారికి కలం పట్టే అర్హతే లేదని తేల్చారు. ఎందుకో రాయలేదు. తాడేపల్లిగూడెంలో లైబ్రేరియన్‌గా ఉన్న క్రీస్తుదాసు, తనకిచ్చిన వ్యాసంలో పేర్కొన్న పుస్తకాలన్నీ తీసి పేజీలు సరిచూసి, ఆరు తప్పులు పట్టి, అవి దిద్దితే వేయవచ్చని రాశారు. జుబేదా ఆ ఉత్తరం విడిగా పెట్టింది.

ఆఖరున వచ్చింది వట్లూరులో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పే మానస ఉత్తరం. ఆమెకిచ్చింది పదిహేడో నంబరు. ఒక్క పేజీనే రాసింది. ‘మీ వ్యాసంలో మొదటి పదకొండు పేజీలు పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. అవి తీసేయండి. కొల్లేటిలో ఒక లంక గ్రామంలో నాలుగు రోజులుండి, మత్స్యకారుల సంఘానికి ఓటింగు కన్నా ముందే పెద్దలు కూర్చుని అధ్యక్షుణ్ణి ఎలా ఖాయం చేసుకుంటారో చూసి రాశారు. అది నాలుగు పేజీలే ఉంది. మాకు కావలసింది అదే, ఇంకా రాయండి. రెండో పట్టికలో సభ్యులు 212, పోలైన ఓట్లు 231. పందొమ్మిది ఓట్లు ఎక్కడివో చెప్పాలి. ఇవి సరిచేసి పంపితే వేస్తాం.’

“ఈ అమ్మాయి చదివిందమ్మా,” అన్నారు మాస్టారు. “ఎవరిదా వ్యాసం?”

జుబేదా నోటుపుస్తకంలో పదిహేడు దగ్గర చూసింది. నిత్యానందంగారిది.

మాస్టారు కుర్చీ వెనక్కి జరిపారు. “ఈ ఒక్కటి పక్కన పెట్టమ్మా. డిసెంబరు గడిచాక చూద్దాం.”

“ఆ మాట వల్లే కదండీ ఇన్ని పోగయ్యాయి.”

“పత్రిక మూసేది ఆయన. ఆయన వ్యాసంలో పదకొండు పేజీలు కొట్టేయమని ఆయనకే రాస్తామా?”

“రాస్తే కొత్తగా ఏం చేస్తారండీ? మూసేస్తామని ఎలాగూ అన్నారుగా.” జుబేదా ఉత్తరం బల్ల మీద పెట్టింది. “నా తప్పూ ఉందండీ ఇందులో. ఆయన నాలుగుసార్లు ఫోన్ చేశారు. మాస్టారు చూస్తున్నారండీ అని చెప్పింది నేనే. నాలుగోసారి మారు మాట్లాడకుండా పెట్టేశారు.”

మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. “సంతకం ఆ అమ్మాయిది,” అన్నారు చివరికి. “ఎవరికి రాస్తుందో చెప్పి అడుగు. వద్దంటే బలవంతపెట్టకు.”

పేరు చెప్పడం నియమానికి విరుద్ధం. చెప్పకుండా సంతకం పెట్టించడం అంతకంటే తప్పని జుబేదాకు తోచింది. మర్నాడు ఆటోలో వట్లూరు వెళ్ళింది. మానసకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. జుబేదా విషయం చెప్పింది.

“మా కరస్పాండెంటుగారికి ఆయన బాగా తెలుసండీ,” అంది మానస.

“అందుకే ముందు చెప్తున్నానండీ.”

మానస ఉత్తరం తీసుకుని మొదటి నుంచి చదివింది. పట్టికలో అంకెలు మళ్ళీ కూడింది. “అక్షరం మార్చనండీ. పైన ‘గౌరవనీయులైన’ అని చేరుస్తాను.”

“చేర్చండీ. అది ఎవరికైనా రాయవచ్చు.”

ఉత్తరం ఆ సాయంత్రమే రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. వారం దాటినా జవాబు లేదు. పర్వేజ్ ఫ్లెక్సీ మిషను వాళ్ళతో ఫోనులో మాట్లాడటం జుబేదా రెండుసార్లు విన్నది. అయినా ఆదివారాలు పని మొదలుపెట్టించింది. మానస, క్రీస్తుదాసు వచ్చి తక్కిన వ్యాసాలు చదువుతున్నారు. వెంకట్రాజు కూడా వచ్చాడు, పిలవకుండానే. తన ఉత్తరం గురించి పర్వేజ్ అన్న మాట ఎవరో చెప్పారట. “ఇంకోసారి రాస్తానండీ, ఇంకో వ్యాసం ఇప్పించండి,” అన్నాడు. ఈసారి అర పేజీలో, ‘వేయలేమండీ, కారణాలు ఇవి’ అని రాశాడు. రాశాక కర్చీఫ్‌తో మొహం తుడుచుకున్నాడు.

నవంబరు మూడో ఆదివారం పొద్దున పది గంటలకు నిత్యానందం మెట్లెక్కి వచ్చారు. పాసింజరు రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, చంకలో ఫైలు. మాస్టారు లేచి నిలబడ్డారు.

“కూర్చోండి శేషగిరిరావుగారూ, మీకోసం రాలేదు. మానస అంటే ఎవరండీ ఇక్కడ?”

“నేనేనండీ,” అంది మానస, చేతిలో ఉన్న కాగితం కింద పెట్టి.

“మొదటి పదకొండు పేజీలు పాఠ్యపుస్తకంలో ఉన్నవేనని రాశారు.”

“అవునండీ.”

“ఆ పాఠ్యపుస్తకం రాసిన కమిటీలో నేను ఉన్నానండీ.”

“అందుకేనేమో, ఒక్క మాట కూడా మారలేదండీ.”

వెంకట్రాజు తల దించుకుని బల్లకేసి చూస్తున్నాడు. నిత్యానందం కుర్చీ లాక్కుని కూర్చుని ఫైలు విప్పారు. లోపల చెమ్మకు అట్ట ఉబ్బిన నోటుబుక్కు ఉంది. కొల్లేటిలో ఉన్న నాలుగు రోజులూ ఆయన రాసుకున్నది.

“మీ పందొమ్మిది ఓట్ల కోసం రెండు రోజులు వెతికానండీ. సభ్యుల జాబితా రెండు కాగితాల మీద ఉంది. మధ్యలో చేర్చుకున్నవాళ్ళది రెండోది. అది ఎక్కించడం మర్చిపోయాను.” నోటుబుక్కు మానస వైపు తిప్పారు. ఆమె వేలు పెట్టి పేర్లు లెక్కపెట్టింది. పందొమ్మిది.

అప్పుడు మాస్టారి వైపు తిరిగారు. “రెండేళ్ళండీ. బాగోలేదని ఒక కార్డు ముక్క రాయలేకపోయారా? ఇక్కడ మీరంతా చదివి నవ్వుకుంటున్నారనుకున్నాను.”

“చదవలేదండీ,” అన్నారు శేషగిరిరావు. “కళ్ళు బాగున్నప్పుడే చదవలేదు. చదివితే మీకేదో ఒకటి చెప్పాల్సి వస్తుందని.”

“అయితే నవ్వలేదన్నమాట,” అని నిత్యానందం కుర్చీలో వెనక్కి వాలారు. జేబులోంచి పెన్ను తీశారు. “ఎన్ని పేజీల్లో రాయాలి?”

“తొమ్మిదికి మించకూడదండీ,” అంది జుబేదా.

“పన్నెండు?”

“తొమ్మిదేనండీ.”

మధ్యాహ్నం దాకా ఆయనా, మానసా ఆ బల్ల దగ్గరే ఉన్నారు. భోజనానికి ప్రెస్సు ఎదురు మెస్సు నుంచి క్యారియర్లు వచ్చాయి. నిత్యానందం వెళ్తూ వెళ్తూ, ఫైలులోంచి సమావేశం అంశాల కాగితం తీసి, అందులో పత్రిక మూసివేత ఎన్నో అంశమని క్రీస్తుదాసును అడిగి, అక్కడికక్కడే ఆ వరుస కొట్టేసి, ‘కొత్త సంచిక ఆవిష్కరణ’ అని రాశారు. జుబేదా అది చూసి, ఏదో పని ఉన్నట్టు వెనక గదిలోకి వెళ్ళి, కాగితం రీముల మీద కూర్చుని కాసేపటికి బయటికి వచ్చింది.

నవంబరు నెలాఖరుకు నలభై మూడు ఉత్తరాలూ వెళ్ళిపోయాయి. ఐదు వ్యాసాలు ఈ సంచికకు కుదిరాయి. ఎనిమిదింటిని దిద్ది పంపమన్నారు. తక్కినవి వెనక్కి వెళ్ళాయి. ఇద్దరు ఘాటుగా జవాబు రాశారు. ఒకాయన, తన వ్యాసం రెండేళ్ళ క్రితమే వేరే చోట అచ్చయిందనీ, ఆ మాట చెప్పడానికి మొహమాటపడ్డాననీ రాశారు. తక్కినవాళ్ళలో చాలామంది వ్యాసం అందిందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. డిసెంబరు మొదటివారంలో గణపవరంలో వెంకట్రాజు చెల్లెలి పెళ్ళికి శేషగిరిరావు వెళ్ళారు. అక్కడ వ్యాసం వెనక్కి వచ్చినవారు ముగ్గురు కనిపించారట. ముగ్గురూ కళ్ళెలా ఉన్నాయని అడిగారట. “రెండోసారి పులిహోర వేయించుకుని తిన్నానమ్మా,” అని జుబేదాతో చెప్పారు.

ప్రూఫులు మూడుసార్లు చూశారు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు మూలంతో సరిచూసేవారు. క్రీస్తుదాసు పేజీ నంబర్లు, వెంకట్రాజు పట్టికలు. అట్ట లోపలి పేజీలో పని చేసినవారి పేర్లే వేసింది జుబేదా. మూడే వచ్చాయి. మిగిలిన జాగా ఖాళీగా ఉంచింది.

ఇరవై ఒకటో తేదీ పొద్దున జుబేదా, పర్వేజ్ పన్నెండు కట్టలు ఆటోలో స్టేషనుకు చేర్చి తాడేపల్లిగూడెం రైలెక్కించి, తామూ ఎక్కారు. కాలేజీ హాలు దగ్గర దింపేసరికి సమావేశం ఇంకా మొదలు కాలేదు. శేషగిరిరావు ముందు వరసలో మానస పక్కన కూర్చుని ఉన్నారు. జుబేదా ఒక కట్ట పురికొస కోసి, పై కాపీ తీసి, కుట్టు సరిగా ఉందో లేదో వెన్ను వంచి చూసి, మాస్టారికి ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అట్ట చూశారు. పేజీలు తిప్పలేదు. పక్కకు తిరిగి మానస చేతిలో పెట్టారు.

“మూడు వందల కాపీలండీ,” అని జుబేదా డెలివరీ పుస్తకం చాచింది. మానస కట్టలు లెక్కపెట్టుకుని, సంపాదకురాలు అని రాసి, కింద సంతకం చేసింది.