చెప్పులు మార్చింది మామయ్యా, ఆయన మెదడా?

మా మామయ్య రైల్వేలో టికెట్ కలెక్టరుగా పనిచేసి టాటానగర్‌లోనే రిటైరయ్యారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు మా గోల్‌మురి కాలనీలో ఎవరూ లేరు. ఒకసారి సొంత బావమరిదే టికెట్ లేకుండా దొరికాడట. జరిమానా రాసి రసీదు చేతిలో పెడుతుంటే, ఆ బావమరిది దీనంగా "అక్క కులాసాయేనా బావా?" అని అడిగాడట. "డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చి అడుగు" అన్నారట మామయ్య.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక జిల్లా కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టాను. నా మొదటి కేసు గెలిచిన రోజు భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే, మామయ్య అంతా విని, "మజ్జిగ" అన్నారు. అంతే. అభినందన అనుకోవాలో, వడ్డించాలో తెలియక వడ్డించాను.

అలాంటి మనిషికి తలనొప్పులు మొదలయ్యాయి. స్కాన్ తీస్తే నుదుటి వెనక కణితి. కేన్సర్ కాదు గానీ తీసెయ్యాలన్నారు. విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. తల చుట్టూ కట్టుతో, అత్తయ్య అల్లిన ఉన్ని టోపీతో ఉన్న మామయ్యను తీసుకుని రైల్లో తిరిగి వస్తున్నాం. దారిలో ఒక కుర్ర టీటీ వచ్చి టికెట్ అడిగాడు.

"లేదు" అన్నారు మామయ్య.

టికెట్లు ఆయన జేబులోనే ఉన్నాయి. టీటీ మొహం గంభీరంగా పెట్టి జరిమానా లెక్క కట్టడం మొదలుపెట్టాడు. మామయ్య పక్కనుంచి "ఆ కాలమ్ కాదు బాబూ, కింది కాలమ్" అని సాయం కూడా చేశారు. అంతా అయ్యాక జేబులోంచి టికెట్లు తీసి చూపించారు.

"ఎలా రాత్తావో సూద్దామని" అన్నారు. ఆ తర్వాత నవ్వారు. పైబెర్తు మీద పడుకున్న మా ఆయన లేచి కూర్చుని కిందికి తొంగిచూశాడు, ఆ నవ్వు ఎవరిదా అని.

ఇంటికి వచ్చాక అలాంటివే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. కూరగాయల బండివాడితో రైల్వే ఇన్‌స్పెక్టర్ గొంతు పెట్టి మాట్లాడేవారు. పాలవాడికి ఇంటి వెనకనుంచి దూడలా అరిచి వినిపించేవారు. అవన్నీ మేం నవ్వుకుని ఊరుకున్నాం. గొడవ గుడి దగ్గర వచ్చింది.

మా కాలనీలో తెలుగువాళ్లు కట్టుకున్న చిన్న గుడి ఉంది. శనివారం పూజకు అందరూ వస్తారు. పూజ అయ్యి బయటికొస్తే ఎవరి చెప్పులూ జతగా లేవు. పోలేదు, మారాయి. తోలు చెప్పు పక్కన హవాయి చెప్పు, ఆడవాళ్ల హీల్స్ పక్కన పిల్లల బూటు, అన్నీ వరసగా, శుభ్రంగా, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు. మరుసటి శనివారమూ అదే. గుడికి కెమెరా ఉందన్న సంగతి మూడోసారికి గుర్తొచ్చింది. అందులో మామయ్య మెట్ల మీద కూర్చుని, ఒకప్పుడు టికెట్లు చూసినంత శ్రద్ధగా, ఒక్కో చెప్పూ ఎత్తి దానికి తగని జోడు వెతుకుతున్నారు.

గుడి సంఘం ప్రెసిడెంటు టిన్‌ప్లేట్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన కొత్త తోలు చెప్పుల్లో ఒకటి ఎవరి కాలినో పట్టుకుని బిర్సానగర్ కాలనీ దాకా ప్రయాణం చేసి తిరిగొచ్చింది. ఆదివారం మీటింగు పెట్టి మామయ్య సంగతి తేలుస్తామని కబురు పంపారు. వకీలు కోడలు ఉంది కాబట్టి జవాబు నేనే చెప్పాలట.

సాక్ష్యం కోసం ముందు మామయ్యనూ అత్తయ్యనూ ఊళ్లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన హిందీలో ఏవేవో అడిగారు. మామయ్య నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పారు, లెక్కలు తప్పు లేకుండా చేశారు.

"రోడ్డు మీద స్టాంపు అంటించిన ఉత్తరం దొరికిందనుకోండి. ఏం చేస్తారు?"

"చదువుతాను" అన్నారు మామయ్య. "బాగుంటే మళ్లీ జిగురు పెట్టి పోస్టు చేస్తాను. బాగోపోతే తిరగరాసి పోస్టు చేస్తాను."

డాక్టరు పెన్ను కింద పెట్టి నాకు వివరించారు. మెదడు ముందు భాగం మనిషికి బ్రేకులాంటిది. తెలివి తెలివిగానే ఉంటుంది. తప్పేదో తెలుస్తుంది. కానీ అక్కడ ఆపరేషన్ జరిగాక, చెయ్యాలనిపించినప్పుడు ఆగే పట్టు కొంచెం సడలుతుంది. కావాలంటే ఒక మాత్ర ఉంది, మనిషి కాస్త నెమ్మదిస్తాడు.

అప్పటిదాకా మాట్లాడని అత్తయ్య నన్ను గిల్లి, "ఆ కణితి ఎన్నేళ్ల బట్టి ఉందో అడగవే" అంది.

అడిగాను. ఇలాంటివి చాలా నెమ్మదిగా పెరుగుతాయని, ఎన్నేళ్లని ఎవరూ చెప్పలేరని, మనిషి ముభావంగా మారడం కూడా దాని లక్షణమే కావచ్చని డాక్టరు అన్నారు.

అత్తయ్య ఆ మాట నాచేత రెండుసార్లు తెలుగులో చెప్పించుకుంది. "అయితే ఇన్నేళ్లూ నాను కాపరం సేసింది కణితితోనా?" అంది.

దీన్ని హిందీలోకి మార్చి డాక్టరుకు చెప్పాల్సి వచ్చింది. ఆయన చాలాసేపు స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశారు. అందులో జవాబు ఉన్నట్టు లేదు.

ఇంటికొచ్చాక మామయ్య మాత్ర వేసుకోనన్నారు. "నాకేటి జబ్బు? ఒళ్లు తేలిగ్గా ఉంది" అని స్టేషను ఎనౌన్సుమెంటు గొంతుతో ప్రకటించి స్నానానికి వెళ్లిపోయారు. మా ఆయన నెమ్మదిగా మాత్ర తీసి మామయ్య మజ్జిగ గ్లాసులో వెయ్యబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అలా చెయ్యకూడదు. విషయం అర్థం చేసుకోగలిగిన మనిషి వద్దంటే వద్దే. కన్నకొడుకైనా సరే."

"వద్దంటున్నది నాన్నా, ఆపరేషనా?" అన్నాడు.

కోర్టులో నన్ను ఇంతవరకు ఎవరూ ఇంత ఇబ్బందిపెట్టలేదు. ఇంతలో అత్తయ్య వచ్చి గ్లాసు తీసుకుంది. "మీరిద్దరూ తేల్చుకునేసరికి మజ్జిగ పులిసిపోతాది" అని తనే తాగేసింది.

ఆదివారం గుడి హాల్లో మీటింగుకు జనం పూజకు వచ్చేవాళ్లకంటే ఎక్కువే వచ్చారు. చాలామంది చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. నేను సిద్ధం చేసుకున్న వాదన ఇది: మతి స్థిమితం లేక, చేస్తున్నది తప్పని తెలియని స్థితిలో చేసింది చట్టం దృష్టిలో నేరం కాదు. దాన్ని మొదలుపెట్టేలోపే ప్రెసిడెంటు నేరుగా మామయ్యను అడిగాడు.

"చెప్పులు మార్చడం తప్పని నీకు తెలుసా, తెల్దా?"

"ఎందుకు తెల్దు? తెలకపోతే సేసి ఏటి లాభం?"

నా వాదన అక్కడే చతికిలబడింది. మన చట్టం తెలుసా అని అడుగుతుంది గానీ, తెలిసినా ఆగగలవా అని అడగదు. ఆ రెండింటికీ మధ్య ఇంత ఖాళీ ఉందని లా కాలేజీలో చదివినప్పుడు నాకు తట్టలేదు. అయినా లేచి, ఆయన మెదడులో బ్రేకు సడలిందనీ, అది ఆయన కావాలని చేసుకున్నది కాదనీ చెప్పాను.

బ్రేకు మాట ఎత్తడం పొరపాటైంది. ప్రెసిడెంటు బతుకంతా యంత్రాల మధ్యే గడిచింది.

"బ్రేకు సరిగా నేదని తెలిసి బండి బయటికి తీస్తే గల్తీ ఎవుడిది, వకీలమ్మా? డ్రైవరుదే కదా. మాత్ర ఉందంట. వేసుకోనన్నాడంట. మరి?"

ఆ సంగతి ఆయన చెవిన ఎవరు వేశారో తెలుసుకుందామని మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద కేలండరు చూస్తున్నాడు.

అప్పుడు మామయ్య చెయ్యెత్తి మాట్లాడతానన్నారు.

"చెప్పులు మార్చింది నాను కాదు, ఆపరేషన్ అంటన్నారు. సరే. మరి అంతకుముందు ముప్పొద్దులా మొహం ముడుచుకుని ఊళ్లోవాళ్లందరికీ జరిమానాలు రాసింది నానా, కణితా? ఆ డాక్టరే చెప్పలేకపోయాడు. కణితి రాసిందంటే అవన్నీ రద్దు చెయ్యాల." కాస్త ఆగి ప్రెసిడెంటు వైపు తిరిగారు. "చక్రధర్‌పూర్ దగ్గర రైలు లెట్రిన్‌లో గడియ పెట్టుకుని దాక్కున్న నీకు రాశానే, అది కూడానూ."

ప్రెసిడెంటు భార్య మొగుడి వైపు పూర్తిగా తిరిగింది. "ఇదెప్పుడు జరిగినాది?" అని అడిగింది. ఆ ప్రశ్నతో హాలు మొత్తం గొల్లుమంది. ప్రెసిడెంటు ఆ రోజు ఎజెండాలోని తక్కిన విషయాలకు వెళదామన్నాడు. తక్కిన విషయాలు ఏవీ లేవు.

అత్తయ్య కూర్చున్నచోటి నుంచే, గొంతు పెంచకుండా, "చెప్పుల జోలికి ఎల్లకండి" అంది మామయ్యతో.

"సరే" అన్నారు మామయ్య.

అంతే. ఆ శనివారం నుంచి గుడి దగ్గర ఒక్క చెప్పూ మారలేదు. ఈ ముక్క నన్ను చాలా రోజులు వేధించింది. చట్టానికి పడని బ్రేకు, గుడి సంఘానికి పడని బ్రేకు, అత్తయ్య ఒక్క మాటకు ఎలా పడింది? బ్రేకు నిజంగానే పనిచేస్తుంటే నా వాదన తప్పు. పనిచెయ్యకపోతే ఆయన ఆగడం ఏమిటి? డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. మెదడులో ఇంకా తెలియనివి చాలా ఉన్నాయన్నారాయన. ఈ సంగతి సంఘానికి చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. క్లయింటు రహస్యం కాపాడటం వకీలు ధర్మం.

మాత్రల పట్టీ ఇంకా ఫ్రిజ్ మీద అలాగే ఉంది. ఒకరోజు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అత్తయ్యను అడిగాను, మాత్ర వేసుకోమని మామయ్యతో మీరే చెప్పొచ్చు కదా, మీ మాట వింటారు కదా అని.

"ఇంటారు. అందుకే సెప్పను" అంది.

ముందుగదిలో మామయ్య ఎవరికో ఫోన్లో, మీరు ఎక్కాల్సిన బండి మా ఇంటి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నదని చెబుతున్నారు. అత్తయ్య కత్తిపీట మీద తరగడం ఆపి, చివరిదాకా విని, నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.