కళ్ళజోళ్ళ డబ్బా

పక్క బట్టీలో జీడిగింజలు కాలుస్తున్నారు. ఆ ఘాటు పొగ పలాసలో పుట్టిన వాళ్ళకి కొత్త కాదు గానీ, ఈ వారం నా కళ్ళు దాన్ని ఓర్చుకోవడం లేదు. విశాఖపట్నం కంటి ఆసుపత్రి వాళ్ళిచ్చిన లెన్సులున్నాయి వాటిలో. నాకు చిన్నప్పట్నుంచీ దూరం కనిపించదు. నలభై ఐదు దాటాక, జోడు పెట్టుకుంటే దగ్గరవి కూడా మసకేశాయి. లేజరుతో ఒక కన్ను దూరానికీ, ఒక కన్ను దగ్గరికీ సరిచేస్తారట. మోనోవిజన్ అంటారు. అలవాటు పడగలనేమో ముందు లెన్సులతో చూసుకోమన్నారు. "జోడు తీసేస్తే పదేళ్ళు తగ్గిపోతారు మేడమ్" అంది అక్కడ వివరాలు చెప్పే అమ్మాయి. నా వయసుతో ఆ పిల్లకేం పని? ఒళ్ళు మండింది. అలా మండినప్పుడల్లా నాకు నర్సమ్మత్త గుర్తొస్తుంది.

నర్సమ్మత్త నాకు చుట్టం కాదు. చదువు మధ్యలో ఆగిపోయి నేను పప్పు ఏరడానికి చేరిన షెడ్డులో ఏరుడు బల్లకి ఆవిడే పెద్ద. గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు వేయాలి. బీట వారిన గుండుని మంచిదాంట్లో వేస్తే దారిలోనే రెండుగా విడిపోతుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా నా పళ్ళెం మొత్తం తిరగబోసేది. "మల్లీ ఏరు. ఏడిసినా సరే, ఏరు" అనేది. నేను ఏడుస్తూ ఏరేదాన్ని. ఆవిడ నోటికి షెడ్డు షావుకారు కూడా జంకేవాడు.

అంతటి మనిషీ ఒక్క విషయంలో చాలాకాలం నోరు మూసుకుంది. పప్పు కొనడానికి బయటి రాష్ట్రం సేట్లు వచ్చిన రోజున బల్ల దగ్గర కళ్ళజోడు కనపడకూడదని షావుకారు నియమం. జోడు పెట్టుకున్న ఆడది ఏరిన పప్పు అంటే సేటు ధర తెగ్గోస్తాడట. సేటు బండి ఆగిన చప్పుడు వినగానే జోడున్న వాళ్ళందరం తీసి గుమ్మం పక్కనున్న ఖాళీ నూనె డబ్బాలో వేసేవాళ్ళం. పప్పు సరిగ్గా చూడాల్సిన రోజునే చూపు డబ్బాలో పడేసి కూర్చునేవాళ్ళం. ఎవరికీ అది వింతగా తోచలేదు.

ఒకసారి అలా జోడు లేకుండానే సేటుకి పళ్ళెం చూపించమని షావుకారు నన్ను పిలిచాడు. మధ్యలో ఉన్న తూకం రాయి నాకు కనిపించలేదు. బోర్లా పడ్డాను, పప్పంతా నేలపాలైంది. సేటు నవ్వాడు. షావుకారు అంతకంటే గట్టిగా నవ్వాడు. నర్సమ్మత్త లేచింది. డబ్బాలో చెయ్యి పెట్టి ముందు తన జోడు తీసి పెట్టుకుంది. తర్వాత నాది వెతికి, కొంగుతో తుడిచి, నా ముఖానికి తొడిగింది.

"నర్సమ్మా, ఏటి సేత్తన్నావు? తియ్యి" అన్నాడు షావుకారు.

"ఇయి నేకపోతే నాను గుడ్డిదాన్ని బాబూ. ఎట్టుకుంటే కాదు. సేటుగోరు పప్పు సూడమను, నా మొగంతో ఆయనకేటి పని?"

మర్నాటి నుంచి ఆవిణ్ణి గింజలు కొట్టే వైపు పంపేశారు. అక్కడి జీడి సొన చేతులు తినేస్తుంది. అత్త వేళ్ళు నల్లబడి, తోలు ఊడి, అన్నం కలుపుకోవడానికే బాధపడేది. పని మానలేదు, జోడు తీయలేదు. ఆవిడ మంచాన పడ్డాక చూడ్డానికి వెళ్ళి, "ఇంకా కోపం పోలేదా అత్తా?" అని అడిగాను. "పోతే నాకేటి మిగుల్తాదే?" అంది.

ఇప్పుడు నాకే చిన్న షెడ్డు ఉంది. నిజం చెప్పాలి, లెన్సులు నాకు నచ్చాయి. వానలో కంచిలి నుంచి బండి మీద వస్తూ అద్దాలు తుడుచుకోవడానికి ఆగక్కర్లేకపోయింది. ఫోన్లో అక్షరాలూ కనిపించాయి. మెట్లు దిగేటప్పుడు అడుగు కాస్త తడబడినా, అలవాటైపోతుందన్నారు. ఆపరేషన్‌కి తేదీ కూడా తీసుకున్నాను.

ఇవాళ సేటు వచ్చాడు. ఆయన వెనకే లోపలికి వెళ్ళేసరికి, బల్ల దగ్గర పప్పు ఏరే మా పైడమ్మ జోడు తీసి ఒళ్ళో కొంగు కింద దాచుకుంటోంది. పప్పుని ముక్కుకి ఆనించుకుని ఏరుతోంది.

"జోడెందుకు తీశావే?" అన్నాను.

"మీరూ తీసీసినారు కదమ్మా. సేటు ముందర బాగోదేమో అనుకున్నాను."

"నీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు."

ఆ షావుకారు ఎప్పుడో పోయాడు. ఆ డబ్బా ఏ పాత సామాన్లవాడికో పోయుంటుంది. నా షెడ్డులో ఆ నియమం ఎప్పుడూ లేదు. అయినా పైడమ్మ జోడు తీసింది. ఆ షావుకారు మీద, పదేళ్ళు తగ్గిపోతానన్న ఆ పిల్ల మీద, తగ్గుదామని సంబరపడిన నా మీద పట్టరాని కోపం వచ్చింది. పెరట్లో కుళాయి దగ్గర లెన్సులు తీసేసి, బండిలో ఉన్న పాత జోడు పెట్టుకుని వచ్చాను. పైడమ్మ ఒళ్ళోంచి తన జోడు తీసి, తుడిచి, ఆమె ముఖానికి తొడిగాను. సేటు వింతగా చూశాడు. పళ్ళెం ఆయన ముందుకి జరిపి, ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ వద్దన్నాను.

"లెన్సులు పడలేదా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

"పడ్డాయమ్మా, బాగానే పడ్డాయి" అన్నాను.

సేటు ఇంకా మా ఇద్దరి ముఖాలే చూస్తున్నాడు.

"పప్పు చూడండి బాబూ" అన్నాను.