జీనువాయిల కాపలా

పెద్దతనంలో అక్షరాలు నేర్చుకున్నాక ఒక పిట్టల పుస్తకం చదివాను. అందులో జీనువాయి బొమ్మ ఉంది. పిచ్చుకకన్నా చిన్నది, ఎర్రటి ఒంటిమీద తెల్లటి చుక్కలు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం అందులో రాయలేదు. మా అమ్మ చెప్పింది నేను రాస్తున్నాను.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డు చేను. పందొమ్మిది వందల ముప్పైలలో సంగతి. అప్పటికి నాకు పదకొండో పన్నెండో ఏళ్ళు. చేనుకూ నీళ్ళకూ మధ్య జమ్ము దట్టంగా ఉండేది. వరి కంకి పాలు పోసుకునే వేళకు జీనువాయిలు ఆ జమ్ములోంచి గుంపుగా లేచి చేనుమీద పడేవి. కంకిని పట్టుకు వేలాడుతూ పాలు తాగేస్తే మనకు మిగిలేది తాలు.

ఆ ఏడు సరిగ్గా అప్పుడే నాన్నకు చలిజ్వరం పట్టుకుంది. మాకున్నది ఆ ఒక్క చెక్క పొలం. అది పోతే ఏడాది తిండి పోయినట్టే. నేను వడిసెల తీసుకుని మంచె ఎక్కాను. పక్క చేను పెదనాన్నది. ఆయన గట్టుమీద నిలబడి అమ్మతో అన్నాడు:

"ఆడపిల్లని మంచె ఎక్కించావేంటమ్మా? పేరంటానికి పిలుస్తోందనుకుంటాయి పిట్టలు."

"అనుకోనివ్వండి బావగారూ. తాంబూలం వడిసెల్లో పెట్టి ఇస్తుంది" అంది అమ్మ.

మర్నాటినుంచి మంచు. మంచెమీద కూర్చుంటే కింది కంకులే కనపడవు. పిట్టను చూసి కొట్టడమే అందరికీ తెలిసిన పద్ధతి. పెదనాన్న మంచు విడేదాకా కంబళి కప్పుకుని చుట్ట కాల్చుకునేవాడు.

అమ్మ మంచె కింద నిలబడి "కళ్ళు మూసుకో" అంది. "జీ అని సన్నగా సాగుతుంది చూడు, అదే దాని కూత. ఆ కూతను బట్టే మనవాళ్ళు పేరు పెట్టారు. లేచేముందు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. వినపడగానే కొట్టు."

మొదట నా పళ్ళు కటకటలాడడమే వినపడింది. తరువాత ఎడమ పక్క జమ్ములో సన్నగా ఒక కూత, ఇంకోచోటినుంచి దానికి బదులు. వడిసెల తిప్పి మట్టిబెడ్డ వదిలాను. ఎక్కడ పడిందో తెలియదు గాని, రెక్కలన్నీ ఒక్కసారే లేచి కొల్లేటివైపు మళ్ళిన చప్పుడు విన్నాను.

గింజ గట్టిపడేదాకా రోజూ అంతే. పెదనాన్న చేలో ఒక మూల కంకులు తాలుపోయి తెల్లగా, నిటారుగా నిలబడిపోయాయి. మావి బరువుకు వంగాయి.

"అమ్మాయ్, కాస్త ఇటు కూడా చెవి పెట్టు" అన్నాడాయన ఒక పొద్దున.

"మీరు దగ్గడం ఆపితే పెడతానండి పెదనాన్నా."

ఆయన నవ్వి చుట్ట ఆర్పేశాడు.

కోతలయ్యాక మొదటి కంకులతో కుచ్చు అల్లి, పిట్టల భాగమని ఇంటి చూరుకు కట్టడం మా ఇంటి ఆనవాయితీ. చేను కాసినవాళ్ళే అల్లాలి. ఎప్పుడూ నాన్నే అల్లేవాడు. అప్పటికి ఆయన లేచి తిరుగుతున్నాడు. అయినా కంకులు తెచ్చి నా ఒళ్ళో వేశాడు. జడ అల్లినట్టు అల్లాను. వంకరగా వచ్చింది. అమ్మ సరిచేయబోతే నాన్న ఆపాడు.

"ఉండనీ. కాసింది అదే కదా."

ఆ ఏడు మా వీధిన వెళ్ళినవాళ్ళంతా ఆ వంకర కుచ్చునే చూశారు.